కొత్త సిస్టమ్‌లో కుజుడు

బాగా నడుస్తున్న దాన్ని ఎందుకు మార్చాలి అని ఎవరైనా అడిగితే నా దగ్గర ఎప్పుడూ ఒకే జవాబు ఉండేది. నడుస్తోందన్నంత మాత్రాన మార్చకూడదని ఎక్కడా లేదు. కులం గురించీ, పెళ్లి తంతుల గురించీ వేదికలెక్కి నేను వాదించింది అదే. తొంభైల నడుమ ఒక శీతాకాలంలో మా ఇంటి కంప్యూటర్ విషయంలోనూ అదే మాట అన్నాను. మా ఆవిడ వద్దంది.

"దానికేమైందండీ ఇప్పుడు? మీ వ్యాసాలు టైపవుతున్నాయి, నా ప్రశ్నపత్రాలు టైపవుతున్నాయి," అంది. ఆవిడ బడిలో లెక్కలు చెప్పేది.

"పాతదాన్ని పట్టుకుని వేలాడటం మనం చెయ్యాల్సిన పనేనా?" అన్నాను.

"వేలాడటం లేదు. వాడుకుంటున్నాం," అంది.

నెహ్రూ ప్లేస్ నుంచి ఒక శనివారం ఒకతను వచ్చాడు. మయూర్ విహార్‌లో మాది రెండు గదుల ప్రభుత్వ ఫ్లాటు. భోజనాల బల్లకీ బాల్కనీ తలుపుకీ మధ్య కంప్యూటర్ ఉండేది. అతను కుర్చీ ఇరికించుకుని కూర్చుని, డిస్కు పెట్టి, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు. అది అడిగిన ప్రతి ప్రశ్నకూ చదవకుండానే ఒకే బొత్తాం నొక్కుతూ పోయాడు. ప్రశ్న వినకుండా జవాబు చెప్పేవాళ్లను చర్చల్లో ఎన్నడూ వదిలిపెట్టని నేను ఆ రోజు పక్కనే కూర్చుని ముచ్చటగా చూశాను. తెర మీద రంగులు బాగున్నాయి మరి.

అతను టీ తాగి వెళ్లిన మర్నాటి నుంచి మా కష్టాలు మొదలయ్యాయి. ముందు పోయింది తెలుగు. నేను వ్యాసాలు రాసుకునే తెలుగు ప్రోగ్రాం తెరుచుకోవడం మానేసింది. పాత వ్యాసాలు తెరిస్తే అక్షరాల బదులు చుక్కలూ, గీతలూ, డాలరు గుర్తులూ కనిపించేవి. మూఢనమ్మకాల మీద ఏడాదిగా రాసిందంతా యంత్రాల గొణుగుడులా తయారైంది. తర్వాత ప్రింటరు మొండికేసింది. ఒక పేజీ అడిగితే ఒక్కో కాగితం మీద ఒక్కో వరస చొప్పున కట్ట ఖాళీ చేసేది. కంప్యూటర్ తెరుచుకునేలోగా మా ఆవిడ పప్పు కుక్కరెక్కించి దించేది. మౌస్ గుర్తు ఇసుక గడియారంగా మారి, అలాగే ఉండిపోయేది. ఫోన్ చేస్తే నెహ్రూ ప్లేస్ అతను "సర్‌జీ, బంద్ కర్ కే చాలూ కీజియే" అని, ఆపి మళ్లీ వెయ్యమని చెప్పి పెట్టేసేవాడు. ఆ సలహా ప్రతిసారీ కొంత పనిచేసేది. నాకు ఒళ్లు మండేది కూడా అందుకే.

నెల తిరిగేసరికి నాకు కొన్ని అలవాట్లు పట్టుకున్నాయి. ముందు స్టెబిలైజర్, తర్వాత ప్రింటర్, ఆఖరున కంప్యూటర్. తెరుచుకుంటున్నంత సేపు మౌస్ ముట్టుకోకూడదు, బల్ల కదపకూడదు. ఆ వరస తప్పితే అది హ్యాంగ్ అవుతుందని నా అనుభవం. ఒకసారి మా ఆవిడ కూరగిన్నె తెచ్చి బల్ల మీద పెట్టబోతే "ఆగు, ఆగు, ఇంకా తెరుచుకోలేదు" అన్నాను.

"ఇది మడి కాకపోతే ఏమిటండీ?" అంది.

"కారణం ఉన్న నియమం మడి కాదు."

"ఏమిటా కారణం?"

నేను తెరవైపు చూశాను. గిన్నె ఆవిడ చేతుల్లోనే ఉంది. తెర తెరుచుకున్నాక బల్ల మీద పెట్టింది.

ఇంత రభసలోనూ ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది ఒక్కటే, జాతకాల ప్రోగ్రాం.

హేతువాదినని చెప్పుకునే మనిషి ఇంట్లో జాతకాల ప్రోగ్రాం ఎందుకుందో చెప్పాలి. మా ఊళ్లో గ్రంథాలయం మేడ మీద జరిగే చర్చల్లో మాకు నేర్పిన మొదటి పాఠం, ఎదుటివాడి పుస్తకం వాడికంటే బాగా చదివి రమ్మని. ఫలజ్యోతిషం మీద వ్యాసాలు మొదలుపెట్టినప్పుడు ఆ ప్రోగ్రాం కొన్నాను. మా వీధి కుక్క ఈనిన రోజు ఒక కుక్కపిల్ల జాతకం వేయించాను. విదేశీయానం ఉందనీ, న్యాయశాస్త్రంలో రాణిస్తుందనీ వచ్చింది. ఆ వ్యాసానికి మంచి పేరే వచ్చింది. దాంతోపాటు, మా ఇంట్లో కంప్యూటర్ జాతకం తీస్తారన్న వార్త కూడా చుట్టుపక్కల తెలుగువాళ్లకు చేరింది. ఢిల్లీలో తెలుగు పద్ధతిలో చక్రం వేసేవాళ్లు దొరకడం కష్టం. ఒకరి తర్వాత ఒకరు రావడం మొదలుపెట్టారు.

పొమ్మనలేదు నేను. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, జ్యోతిషం ఎందుకు శాస్త్రం కాదో చెప్పి, ఆ తర్వాతే కాగితం తీసి ఇచ్చేవాణ్ణి. వాళ్లు ఓపిగ్గా వినేవారు. ఆ కాగితానికి నేను పెట్టిన ధర అదేనని వాళ్లకు తెలుసు. ప్రతి కాగితం అడుగున "దీన్ని ఎవరూ రుజువు చెయ్యలేదు" అని పెన్నుతో రాసి ఇచ్చేవాణ్ణి. వాళ్లు ఇంటికెళ్లి ఆ అడుగుభాగం కత్తిరించేసేవారు.

అందరికంటే నీటుగా, స్కేలు పెట్టి మరీ కత్తిరించేవాడు మా పైఅంతస్తు సుబేదారుగారు. విజయనగరం వైపు మనిషి. పటాలంలో సర్వీసంతా చేసి రిటైరై, నోయిడాలో ఒక ఫ్యాక్టరీకి సెక్యూరిటీ ఆఫీసరుగా వెళ్లేవాడు. ఆయనకు ఒక్కతే కూతురు. కనాట్ ప్లేస్‌లో విమానం టికెట్ల ఆఫీసులో పనిచేసేది. చురుకైన పిల్ల. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, సగం హిందీలో జవాబు చెబుతుంది.

పాత సిస్టమ్ ఉన్నప్పుడే ఆ అమ్మాయి జాతకం తీయించుకెళ్లాడు ఆయన. కుజుడు ఎనిమిదో ఇంట్లో ఉన్నాడు. కుజదోషం. పెళ్లికొడుకు ప్రాణానికి ముప్పని దాని అర్థమట. ఆ కాగితం చూశాక ఒక సంబంధం వెనక్కి పోయింది. ఆ అమ్మాయి అప్పుడేమీ బాధపడలేదు. ఆ అబ్బాయి తనకు నచ్చలేదు.

ఫిబ్రవరిలో ఇంకో సంబంధం వచ్చింది. జనక్‌పురిలో ఉండే తెలుగువాళ్లు. అబ్బాయి ఇంజనీరు. ఈసారి ఇద్దరూ ఒకరికొకరు నచ్చారు. రెండుసార్లు కాఫీకి కలిశారని మా ఆవిడకు చెప్పి, తనే సిగ్గుపడిందట ఆ పిల్ల. అబ్బాయి తల్లి మాత్రం జాతకం చూడందే మాట ఇవ్వనంది. పాత కాగితం మొదటి సంబంధం వాళ్ల దగ్గరే ఉండిపోయింది. సుబేదారుగారు మొహం వేలాడేసుకుని మా ఇంటికొచ్చాడు.

"ఇంకో కాయితం తీసి పెట్టండి సార్. తప్పదు గదా."

కొత్త సిస్టమ్‌తోపాటు జాతకాల ప్రోగ్రాం కూడా అప్పుడే కొత్తది వేయించాను. తీశాను. కుజుడు లగ్నంలో, అంటే ఒకటో ఇంట్లో ఉన్నాడు. వాళ్ల లెక్కలో అక్కడ దోషం లేదు.

ఆయన కాగితాన్ని ట్యూబ్‌లైటు కిందికి తీసుకెళ్లి రెండుసార్లు చదివాడు. "దోసం పోనాది సార్," అన్నాడు.

"పోలేదండీ. అసలు లేదు. చూశారా, ఒకే పిల్ల, ఒకే సమయం, రెండు జాతకాలు. ఇంతకంటే రుజువేం కావాలి?" అన్నాను ఉత్సాహంగా.

"రెండు కాదు సార్. పాతది తప్పు, కొత్తది కరెక్టు. మిషను పెరిగింది, లెక్క సరిపోనాది. సైన్సు తన తప్పు తనే దిద్దుకుంటాదని మీరే గదా సెప్పారు?"

చెప్పాను. చాలాసార్లు చెప్పాను. ఆయన నా ఉపన్యాసాలను నిజంగానే వింటున్నాడని ఆ రోజు తెలిసింది.

కాగితం జనక్‌పురి వెళ్లింది. వాళ్లు ఒప్పుకున్నారు. నిశ్చితార్థం ఏప్రిల్ చివర పెట్టుకున్నారు. ఆ అమ్మాయి మెట్లు దిగేటప్పుడు వినిపించే చెప్పుల చప్పుడు కూడా మారింది. నేను ఆ రెండు జాతకాల సంగతిని ఒక వింతగా పక్కనపెట్టి నా తెలుగు ప్రోగ్రాం గొడవలో పడిపోయాను.

ఏప్రిల్ మొదట్లో ఒక ఆదివారం ఉదయం కంప్యూటర్ తెరిస్తే ఒక చిన్న ప్రకటన కనిపించింది. వేసవి వచ్చింది కాబట్టి గడియారాన్ని గంట ముందుకు జరిపానని, సరిచూసుకోమని దాని సారాంశం. మన దేశంలో వేసవి వచ్చిందని గడియారాలు జరపరు. ఇదేదో కొత్త జబ్బనుకుని గంట వెనక్కి తిప్పబోయాను. అలా తిప్పే చోటు వెతుకుతుంటే ఒక ప్రపంచపటం తెరుచుకుంది. అందులో ఒక నిలువు పట్టీ వెలుగుతోంది. ఆ వెలుగు మన దేశం మీద లేదు. అమెరికా పడమటి ఒడ్డున ఉంది.

నెహ్రూ ప్లేస్ అతను చదవకుండా దాటేసిన ప్రశ్నల్లో ఇదొకటి. మీరెక్కడ ఉన్నారని అది అడిగింది. అతను జవాబు చెప్పలేదు కాబట్టి, మేము అమెరికాలో ఉన్నామని తనే అనుకుంది. గడియారం చూపే టైము సరిగ్గానే ఉండటంతో ఇన్నాళ్లూ నాకు అనుమానం రాలేదు.

కాసేపటికి ఇంకో సంగతి తట్టింది. పాత జాతకాల ప్రోగ్రాం, పుట్టిన చోటి గడియారం గ్రీనిచ్ టైముకు ఎంత తేడాలో నడుస్తుందో కూడా అడిగేది. కొత్తది అడగదు. ఆ తేడా సిస్టమ్ దగ్గరే తీసుకుంటుంది. పరీక్షించి చూడాలి కదా. పటంలో వెలుగును మన దేశం మీదికి తెచ్చి, సుబేదారుగారి అమ్మాయి వివరాలు మళ్లీ తెరిచాను. కుజుడు ఎనిమిదో ఇంటికి తిరిగొచ్చి కూర్చున్నాడు. వెలుగును మళ్లీ అమెరికాకు పంపాను. లగ్నంలోకి వెళ్లాడు. నా వివరాలతో కూడా చేసి చూశాను. నేనూ మారిపోయాను.

మా ఆవిడ వంటగదిలో కూర తరుగుతోంది. వెళ్లి చెప్పాను.

"మరి ఏం చేద్దామని?" అంది.

"చెప్పాలి కదా."

"ఎవరికి? ఎందుకు? ఎనిమిదో ఇంట్లో ఉంటే మీకేం, ఒకటో ఇంట్లో ఉంటే మీకేం? రెండూ అబద్ధమేనని మీరే అంటారు."

"జాతకం అబద్ధమే. కానీ యంత్రం తప్పు సమయం తీసుకుందన్నది నిజం. ఆ కాగితం సరైనదనుకునే ఆయన వాళ్లకిచ్చాడు."

"మీరు నోరు మూసుకుంటే ఆ పిల్ల పెళ్లి అవుతుంది. మీకు చెప్పందే నిద్ర పట్టదు. అంతేగా?"

అంతే. చిన్నప్పటి నుంచీ వేదికల మీద నేను నేర్చుకున్నది, ఫలితం ఎలా ఉన్నా నిజం చెప్పెయ్యాలని. కానీ అక్కడ ఓడిపోయేది ఎప్పుడూ ఎదుటి వాదమే. పై అంతస్తులో ఉండే అమ్మాయి కాదు. అందుకని సుబేదారుగారి దగ్గరికి వెళ్లలేదు. పెళ్లి ఆ అమ్మాయిది కాబట్టి ముందు తనకే చెప్పాలనుకున్నాను.

మర్నాటి సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ, మా ఆవిడ పిలిస్తే లోపలికొచ్చింది. పటం చూపించి, కుజుణ్ణి రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూపించాను. భుజానికున్న బ్యాగు తియ్యకుండానే చూసింది.

"ఏక్ మినిట్ అంకుల్. మతలబ్, అంటే నేను అమెరికాలో పుట్టానని లెక్క వేసిందా?"

"పుట్టిన ఊరు మనదే. గడియారం మాత్రం వాళ్లది."

"మా ఆఫీసులో అందరూ అమెరికా వీసా కోసం చస్తున్నారు. నాకు ఊరికే ఇచ్చేసింది," అని నవ్వింది. ఆ నవ్వు అక్కడే ఆగింది. "మా పాపాకి చెప్పారా? నాన్నకి?"

"లేదమ్మా."

"మీరు ఇదంతా నమ్మరు కదా. పాత కాగితం కూడా నమ్మరు?"

"రెండూ నమ్మను."

"ఫిర్ ఇంక ప్రాబ్లం ఏంటి?"

మా ఆవిడకు చెప్పిందే మళ్లీ చెప్పాను. ఈసారి నా చెవులకే కాస్త బలహీనంగా వినిపించింది.

"అంటే మీ నిజం కోసం నా పెళ్లి ఆగాలి," అంది. కోపంగా కూడా అనలేదు.

"ఆగాలని కాదు. నీకు తెలియాలని."

"వాహ్ అంకుల్. మీ దగ్గరున్న బరువు తెచ్చి నా నెత్తిన పెట్టారు."

"నేనూ అదే అన్నానమ్మా," అంది మా ఆవిడ, మంచినీళ్ల గ్లాసు ఇస్తూ.

ఆ పిల్ల నీళ్లు తాగి, బ్యాగు కింద పెట్టి, కుర్చీలో కూర్చుంది. కుర్చీని తెరవైపు తిప్పుకుంది. తర్వాత తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు మాట్లాడింది.

"జనక్‌పురిలో వాళ్ల మమ్మీ ఊరుకోదు. పెళ్లయ్యాక ఎప్పుడో ఆయనకు జ్వరం వస్తుంది. మామూలు జ్వరమే. ఆవిడ ఎవరో పంతులుకి చూపిస్తుంది. అతను కంప్యూటర్ చూడడు, చేత్తో లెక్క వేస్తాడు. అప్పుడు మేము కావాలనే మోసం చేశామంటుంది. ఆ రోజు నేను ఆ ఇంట్లో ఉంటాను అంకుల్. మీరు ఇక్కడ ఉంటారు."

నేను అంత దూరం ఆలోచించలేదు. నిజం ఎందుకు చెప్పాలన్నదానికి నా దగ్గర సిద్ధాంతం ఉంది. ఆ అమ్మాయి దగ్గర కారణం ఉంది.

"గొడవ కావాల్సి ఉంటే ఇప్పుడే కానీ. మా ఇంట్లోనే," అని లేచింది. "కానీ పాపాకి నేను చెబుతాను. మీరు చెబితే లెక్చర్ అయిపోతుంది."

ఆదివారం సుబేదారుగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గడ్డం గీసుకుని, డ్యూటీకి వచ్చినట్టు మా ఇంటికి వచ్చాడు. వెనకే కూతురు.

"సరైన కాయితం తియ్యండి సార్," అన్నాడు. నామీద నేరం మోపలేదు. అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

స్టెబిలైజర్ వేశాను. ప్రింటర్ వేశాను. కంప్యూటర్ వేశాను. ప్రోగ్రాం తెరుచుకుంది, పేరు వరకూ వచ్చింది, ఇసుక గడియారం పడింది. కదల్లేదు. ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఆపి మళ్లీ వేశాను. ఈసారి తెర నీలంగా మారి అందులో తెల్లటి అంకెలు కనిపించాయి.

"ఇదేటి సార్?"

"కోపమొచ్చింది దానికి," అంది అమ్మాయి.

మూడోసారి తెరుచుకునేలోగా ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నెమ్మదిగా అన్నాడు. "సార్, మీరు నమ్మరు. ఈ పిల్లా సగమే నమ్ముతాది. నాను నమ్మినోణ్ణి. ఆ కుర్రోడు మంచోడు. మా ఇంటికొచ్చి మా ఆవిడ సేతి వంట తిన్నాడు. వాడికేటన్నా అయితే, నా పిల్ల సుఖం సూసుకుని పరాయి పిల్లోడి ప్రాణం తీసినోణ్ణవుతాను గదా? ఆ కొత్త కాయితం సూసి ఎంత సంతోసించానో మీకు తెల్దు."

నా నోటిదాకా చాలా వాదనలు వచ్చాయి. కుజుడు ఎంత దూరంలో ఉంటాడో, ఆ దూరం నుంచి ఒక ఇంజనీరు జ్వరానికి ఎందుకు కారణం కాలేడో అన్నీ తెలుసు నాకు. ఆయన భయానికి ఆధారం లేదు. కానీ ఆ భయం మీద ఆయన నిలబెట్టుకుంటున్న నిజాయితీ మాత్రం గట్టిది. ఒకదాన్ని కూల్చబోతే రెండోదానికి దెబ్బ తగలకుండా ఎలాగో అప్పటికప్పుడు తోచలేదు. ప్రింటర్ కాగితం సరిచేస్తూ ఉండిపోయాను.

కాగితం వచ్చింది. ఎనిమిదో ఇల్లు. ఆయన మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"పాపా, ఆయనకు చెప్పేశాను నేను," అంది అమ్మాయి. "నిన్ననే. ఫోన్‌లో."

"ఏటన్నాడు?"

"కుజుడు ఎక్కడున్నా తను జనక్‌పురిలోనే ఉంటానన్నాడు."

సుబేదారుగారు నవ్వలేదు. కానీ లేస్తూ కూతురి తల మీద చెయ్యి వేశాడు. ఆ మధ్యాహ్నమే జనక్‌పురి వెళ్లాడు. అబ్బాయి తండ్రి ముందు మొదట సరైన కాగితం పెట్టి, జరిగింది చెప్పాడట. అబ్బాయి తల్లి ఏడ్చిందట. అబ్బాయి తను ఈ పెళ్లే చేసుకుంటాననీ, వీలు కాకపోతే రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకుంటాననీ అన్నాడట. చీకటిపడే వేళకు ఒక మధ్యేమార్గం దొరికింది. పెళ్లికి ముందు అమ్మాయి చేత కుజుడికి శాంతి చేయించాలి. హోమం, జపం, దానాలు, అన్నీ పద్ధతిగా. అప్పుడు ఆ తల్లికి అభ్యంతరం లేదు.

"ఒప్పేసుకున్నాను సార్," అన్నాడు సుబేదారుగారు మెట్ల దగ్గర. మొహం తేటగా ఉంది. "దాచి పెళ్లి సేస్తే నిద్రుండదు. ఇప్పుడుంటాది."

నాకు మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. నిజం బయటపడితే మూఢనమ్మకం ఓ మెట్టు దిగుతుందని నా లెక్క. ఇక్కడ నిజం బయటపడినందుకు ఒక హోమం పెరిగింది. నేను నోరు మూసుకుని ఉంటే ఆ ఇంట్లో ఒక పూజ తక్కువయ్యేది. ఈ సంగతి మీద వ్యాసం రాయాలని మొదలుపెట్టి రెండుసార్లు చించేశాను. ఎవరిని విమర్శించాలో తెలియలేదు. అయినా, ఆ పటం మళ్లీ కనిపిస్తే మళ్లీ చెబుతానా అని అడిగితే, చెబుతాను. ముందు ఆ అమ్మాయికే చెబుతాను.

శాంతి మే నెలలో పెట్టుకున్నారు, నిశ్చితార్థం దాని తర్వాత. నేను వెళ్లదలుచుకోలేదు. పొద్దున్నే పట్టుచీరలో ఆ అమ్మాయే మా తలుపు కొట్టింది.

"అంకుల్, ఇది మీ వల్ల వచ్చిన పూజ. మీరు రాకపోతే ఎలా, కైసే చలేగా?"

వెళ్లాను. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నిప్పు ఆరిపోతుందని కూలర్ ఆపేశారు. బయట వడగాలి, లోపల పొగ. పురోహితుడు చెప్పినదల్లా ఆ పిల్ల విసుగు లేకుండా చేసింది. సుబేదారుగారు పక్కన నిటారుగా కూర్చుని ప్రతి మంత్రానికీ తలాడించాడు. అబ్బాయి తల్లి ఎదురుగా కూర్చుంది. మధ్యాహ్నం దాటేసరికి ఆవిడ మొహంలో బిగువు సడలింది. లేచి వచ్చి తన పమిట కొంగుతో ఆ పిల్ల నుదుటి మీది చెమట తుడిచింది.

అంతా అయ్యాక అమ్మాయి మెట్ల మీదికి వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏడ్చావా అమ్మా?"

"పొగ అంకుల్," అంది ముక్కు ఎగబీలుస్తూ. "చూశారా ఆంటీ ఎలా వచ్చి తుడిచిందో? ఇక జ్వరమొచ్చినా డాక్టర్ దగ్గరికే తీసుకెళ్తుంది. నన్నేమీ అనదు."

ఈ పూజ అవసరం లేదని నీకు తెలుసు కదా, అనబోయాను.

"తెలుసు అంకుల్," అంది నేను నోరు తెరవకముందే. "మీరు చెప్పకండి."

కింద గేటు దగ్గర ఆ అబ్బాయి స్కూటర్ ఆపి, చల్లని నీళ్ల సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ రోజు అతన్ని పైకి రానివ్వలేదు. ఆ పిల్ల చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని మెట్లు దిగి వెళ్లింది. సీసా అందుకుని, ముందు కళ్లు కడుక్కుని, తర్వాత తాగింది.